గాలిపడవకు రెక్క కుదిరిన వేళ

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "సార్, ఏ ఇంజన్ మంచిది?" నా జవాబు వాళ్లకు నచ్చదు. దాన్ని దేనికి కట్టబోతున్నావో చెప్పందే ఏ ఇంజనూ మంచిది కాదు, చెడ్డదీ కాదు అంటాను. ముసలాయన తప్పించుకుంటున్నాడనుకుని నవ్వి ఊరుకుంటారు. ఆ జవాబు నాకు ఎలా తెలిసిందో చెబితే నవ్వరేమో అనిపించి ఇది రాస్తున్నాను.

నేను మదనపల్లెలో ఒక ఇంజన్ వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరి సంతకంతో వచ్చిందో రాయను. అది ఎవరికీ పనికిరాదు. మా పనంతా జత కుదర్చడం. బావికి పంపు, పంపుకు ఇంజను. వేరుశనక్కాయలు కొట్టే మిషనుకు ఎంత పుల్లీ, చెరుకు గానుగకు ఎంత వేగం. జత కుదిరితే రైతు మళ్లీ మా గడప తొక్కడు. కుదరకపోతే వారానికోసారి వస్తాడు. ఇరవై ఎనిమిదేళ్లలో కొన్ని వందల జతలు కుదిర్చి ఉంటాను. వాటిలో నాకు పని నేర్పింది ఒక్కటే. అది పొలంలోది కాదు, చెరువులోది.

చెవి నేర్పిన విద్య

మా వర్క్‌షాపు యజమాని సుదర్శనం గారు. ఆయనే నా గురువు. ఇంజను నడుస్తుంటే దాని బోల్టు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. అర నిమిషం తర్వాత కళ్లు తెరిచి, "రెండో సిలిండర్‌లో బేరింగ్ వదులైంది" అనేవారు. విప్పి చూస్తే అదే. ఆ విద్య నాకూ నేర్పారు. ఐదారేళ్లకు నాకూ పట్టుబడింది.

మంచి గురువే గానీ ఓపిక లేని మనిషి. పని తొందరగా కావాలి, నలుగురూ చూడాలి. ఆయన చెప్పింది తప్పు కావచ్చని నాకు నలభై ఏళ్లు దాటేదాకా తోచలేదు. అది ఆయన తప్పు కాదు. నాది.

రెడ్డెమ్మ అడిగింది

తొంభైల చివర రెండు మూడేళ్లు వానలు బాగా పడ్డాయి. పుంగనూరు నుంచి చౌడేపల్లెకు పోయే దారికి లోపలగా ఉన్న ఒక చెరువు నిండింది. నీళ్లతో పాటు గుర్రపుడెక్క కూడా నిండింది. సగం చెరువు పచ్చటి చాపలా కప్పుకుపోయింది. ఆ చెరువులో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు ముప్పై దాకా ఉన్నాయి. వాళ్ల తరఫున మా వర్క్‌షాపుకు ఒకామె వచ్చింది. పేరు రెడ్డెమ్మ. చేపలు పట్టేది వాళ్ల అన్నలు, పుంగనూరు సంతలో అమ్మేది ఆమె.

"మోటారు పడవ ఒగటి తెచ్చి సూసినామప్పా," అంది. "పది గజాలు పోలేదు. కింద తిరిగే ఫ్యానుకు ఆకంతా సుట్టుకునింది. నీళ్లల్లో ఏదీ తిరగని పడవ కావల్ల మాకు."

"పుట్టితో పోవచ్చు గదమ్మా?" అన్నాను. తెడ్డేసుకుని పోయే గుండ్రటి బుట్టపడవ అది.

"పోయిన ఏడు మా ఆయన పుట్టితోనే పాయ. తెడ్డు ఆకులో సిక్కుకునింది. లాగబోతే పుట్టి బోర్లా పడె. నీళ్లు రొమ్ము లోతే. ఆ ఏర్లు కాళ్లకు సుట్టుకుంటే ఎంత ఈతగాడైనా లేసేకి కాదు."

ఆమె ఏడవలేదు. చెప్పాల్సింది చెప్పేసి, ఇక పని మాట్లాడదాం అన్నట్టు నిలబడింది.

నీళ్లలో ఏదీ తిరగని పడవ బొమ్మను నేను మా ఊరి లైబ్రరీలో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో చూసి ఉన్నాను. అడుగు చదునుగా ఉన్న పడవ. వెనక ఎత్తైన ఇనుప చట్రం మీద ఇంజను, దానికి విమానానికి ఉన్నట్టు పెద్ద రెక్క. రెక్క గాలిని వెనక్కి తోస్తుంది, పడవ ముందుకు పోతుంది. రెక్క వెనక నిలువుగా రెండు రేకులు. గాలి వాటికి తగిలితే పడవ పక్కకు తిరుగుతుంది. ఇదే గాలిపడవ. నీళ్లు జానెడున్నా, ఆకు మందంగా ఉన్నా దాని మీదుగా జారిపోతుంది.

సుదర్శనం గారికి చెబితే ఎగిరి గంతేశారు. "సెయ్ రమణా! జిల్లాలో ఎవురూ సేసుండరు. మన బోర్డు పడవకు కట్టి తిప్పుదాం."

నేను కోసిన రెక్క

పడవను మా వెల్డర్లు రేకుతో చేశారు. ఇంజను ఒక పాత కారుది, పెట్రోలు. రెక్క చెక్కడానికి పుంగనూరులో వీరాచారి అనే వడ్రంగిని పట్టుకున్నాను. బండి చక్రాలు, వాకిళ్లు చేసే మనిషి. చేతిలో గొప్ప నేర్పు ఉంది. ఐదడుగుల రెక్క కావాలని చెప్పి, పత్రికలో బొమ్మ చూపించాను. ఐదడుగులు ఎందుకు అంటే నా దగ్గర కారణం లేదు. ఇనుప చట్రంలో పట్టింది అంతే. ఆయన పల్చటి టేకు పలకలు ఐదు ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికి, మొదట్లో మందంగా, కొసల్లో పల్చగా చెక్కి ఇచ్చాడు. చూడముచ్చటగా ఉంది. దాన్ని నేరుగా ఇంజను ఇరుసుకే బిగించాను.

మొదటి పరీక్ష చెరువు ఒడ్డునే. పడవను లావు తాడుతో ఒక తుమ్మ చెట్టుకు కట్టాం. తాడు మధ్యలో చింతపండు మండీలో మూటలు తూచే స్ప్రింగు కాటా తగిలించాను. పడవ ఎంత బలంగా లాగుతోందో ముల్లు చూపిస్తుందని. ఆ ఒక్క ఆలోచన నాదే, అదొక్కటే సరైంది.

ఆ కారు ఇంజనుకు అసలు బలం నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగితేనే వస్తుంది. మా రెక్కతో రెండువేల ఆరొందల దగ్గరే ఆగిపోయింది. నల్లటి పొగ కక్కుతూ, ఘాట్ ఎక్కలేని లారీలా మూలిగింది. కాటా ముల్లు డెబ్బై కిలోల దగ్గర ఊగింది.

సుదర్శనం గారు స్క్రూడ్రైవర్ ఆనించి విన్నారు. "ఇంజను ఊపిరాడక సస్తాండాది రమణా. రెక్క బరువైపాయ. అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు కోసెయ్."

నా చెవికీ అలాగే వినబడింది. రంపం తెప్పించి, గట్టు మీదే రెండు కొసలూ కోసేశాను. నాలుగడుగులైంది. కోసిన చోట ఆకురాయితో నున్నగా గీకి మళ్లీ బిగించాను.

ఈసారి ఇంజను నాలుగు వేలకు ఎక్కింది. పొగ పోయింది. లోపల ఒక్క తేడా చప్పుడు లేదు. రెక్క అరుపు మాత్రం చెరువు అవతలి కొండకు తగిలి వెనక్కి వచ్చింది. గట్టు మీద జనం ఈలలు వేశారు. సుదర్శనం గారు నా వీపు తట్టారు. నేను కాటా వైపు చూశాను. ముల్లు అరవై దగ్గర ఉంది. ముందుకంటే పది కిలోలు తక్కువ.

"కాటా సరిగా లేదు," అన్నారాయన.

"అవును సార్, స్ప్రింగు సాగినట్టుండాది," అన్నాను.

ఈ ఒక్క మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పొద్దున డెబ్బై చూపించిన కాటా మీద లేని అనుమానం, నాకు నచ్చని అంకె చూపించగానే వచ్చింది.

"ఇంకొంచెం పెంచు," అన్నారు. పెంచాను. అప్పుడు చట్రం వణకడం మొదలైంది. ఆపాలని చెయ్యి చాపేలోపు ఫట్‌మని పగిలింది. రెక్క కొస నుంచి జానెడు పలక లేచిపోయింది. చుట్టూ వేసిన పల్చటి జాలీని కాగితంలా చించుకుని పక్కకు దూసుకుపోయింది.

ఇంజను ఆపి చూస్తే, పక్కగా పది గజాల అవతల ఇంకో తుమ్మ మానుకు ఆ ముక్క గుచ్చుకుని ఉంది. రెండంగుళాలు దిగింది. మనిషి రొమ్ము ఎత్తులో. ఒక్క నిమిషం ముందు దాకా రెడ్డెమ్మ ఆ మాను పక్కనే నిలబడి ఉంది. రెక్క అరుపు భరించలేక రెండు చెవులూ మూసుకుని, గట్టు దిగి అవతలికి పోయింది. అంతే. ఆమెను బతికించింది నా జాగ్రత్త కాదు.

కొత్తవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. తిరిగే రెక్కకు ముందు నిలబడినా, వెనక నిలబడినా ప్రమాదమే. కానీ పక్కన, అది తిరిగే వరసలో నిలబడటమంత ప్రమాదం ఇంకొకటి లేదు. పగిలిన ముక్క పోయేది అటే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు.

వీరాచారి కోపం

"ఎవురికీ ఏమీ కాలేదు గదా," అన్నారు సుదర్శనం గారు. మా వృత్తిలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట నేను వినలేదు. ఆ మాట అన్నాక ఎవరూ కారణం వెతకరు.

నేను ఇక ఆ పడవ ముట్టనని చెప్పేశాను. వర్క్‌షాపు వెనక రేకుల కింద తోసేశాం. రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. కళ్లు మూస్తే తుమ్మ మాను కనబడేది.

మూడో వారం రెడ్డెమ్మ పుంగనూరు బస్సు దిగి నేరుగా వచ్చింది.

"పడవ మూల పెట్టేసినావంట?"

"ఆ పొద్దు నీ పానం పోయుండేదమ్మా."

"పోలేదు గదప్పా. మా ఆయనది పాయ. మా అన్నోళ్లు దినామూ అదే పుట్టిలో పోతాండారు. నువ్వు మానేస్తే నీ భయం తగ్గుతాది. వాళ్లకేం తగ్గుతాది? యాల పగిలిందో కనుక్కోకుండా వదిలేస్తే ఎట్ల?"

సుదర్శనం గారు అన్న మాటకూ, ఈమె అన్న మాటకూ ఎంత తేడా ఉందో చూడండి. ఇద్దరూ ఎవరూ పోలేదనే అన్నారు. ఆయన అక్కడ ఆగిపోయారు. ఆమె అక్కడ మొదలుపెట్టింది.

మరుసటి రోజు విరిగిన రెక్క చంకన పెట్టుకుని వీరాచారి ఇంటికి పోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా ముందర నేల మీద పెట్టాడు.

"నేను సెక్కిచ్చింది రెక్క. నువ్వు రంపం పెట్టినాక అది కట్టె."

"ఇంజను తిరగలేకపోయిందప్పా. అందుకని కోసినాను."

"మొదలు మందంగా, కొస పల్చగా సెక్కింది యాల అనుకున్నావు? అందం కోసమా? నువ్వు పల్చన పారేసి మందం పెట్టుకున్నావు. అతుకుల నోరు తెరిసి గాలికి పెట్టినావు. రెండు పక్కలా సమంగా ఉండాదా లేదా తూచినావా?"

"లేదు."

"నేను బండి సక్రం సేస్తే మొదట అడిగేది ఎంత బరువెత్తల్ల అని. నీ రెక్కకు నేనే అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు అడుగుతాండాను. ఇది ఎంత వేగం తిరగల్ల?"

నాలుగు వేలు అనబోయి ఆగాను. నాలుగు వేలు ఇంజనుకు కావలసిన వేగం. రెక్కకు ఎంత కావాలో నేను ఎప్పుడూ అనుకోలేదు. పుంగనూరు నుంచి మదనపల్లె వచ్చేదాకా బస్సులో అదే ప్రశ్న.

ఇంటికొచ్చి క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశాను. లెక్క చిన్నదే. ఇంజను ఇరుసు నాలుగు వేల చుట్లు తిరిగితే రెక్క మధ్య భాగం తీరిగ్గానే తిరుగుతుంది. కొస మాత్రం పెద్ద చుట్టు చుట్టాలి. నాలుగడుగుల రెక్క కొస సెకండుకు రెండువందల యాభై మీటర్లు పరుగెడుతోంది. ధ్వని వేగంలో ఇది ముప్పాతిక వంతు. ఆ వేగంలో మొద్దు కొస గాలిని తొయ్యదు, చీల్చి అరిపిస్తుంది. నేను బలం అనుకున్నది ఆ అరుపునే. ఇంజను బలంలో చాలా భాగం అలా చప్పుడుగానే పోయింది.

నా చెవి అబద్ధం చెప్పలేదు. ఇంజను సుఖంగా ఉందని చెప్పింది, ఇంజను సుఖంగానే ఉంది. పడవ సంగతి నేను చెవిని అడగకూడదు, కాటాను అడగాలి.

ఇంకో సంగతి కూడా ఆ కాగితం మీదే తేలింది. కొద్ది గాలిని మహా వేగంగా తోసే చిన్న రెక్క కంటే, ఎక్కువ గాలిని నిదానంగా తోసే పెద్ద రెక్క అదే ఇంజనుతో ఎక్కువ బలం ఇస్తుంది. అంటే నేను రెక్కను కొయ్యడం కాదు, పెంచాలి. ఆరడుగులు చేసి, కొస వేగం ధ్వనిలో సగానికి తగ్గించాలంటే రెక్క పంతొమ్మిదివందల చుట్లకు మించి తిరగకూడదు. ఇంజను మాత్రం నాలుగు వేల దగ్గర తిరగాలి. ఇద్దరికీ మధ్యన ఎవరో ఒకరు సర్దిచెప్పాలి.

కుప్పం బెల్టులు

ఆ సర్దిచెప్పేవాడు కుప్పంలో దొరికాడు. అక్కడి గ్రానైటు ఫ్యాక్టరీల్లో రాళ్లు పాలిష్ పట్టే మిషన్లకు పెద్ద మోటార్లుంటాయి. ఆ మోటార్ల వేగం తగ్గించి రాయికి అందించేవి పుల్లీలు, బెల్టులు. ఒక ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే సెల్వం అనే ఆయన మా వర్క్‌షాపుకు అప్పుడప్పుడూ వచ్చేవాడు. తమిళాయన, తెలుగు మాట్లాడితే తియ్యగా ఉండేది. ఆయన్ని వెతుక్కుంటూ పోయాను.

నా కథంతా విని రెండే ప్రశ్నలు అడిగాడు. "ఇంజనుకు ఏ స్పీడు పిడుస్తుంది సార్?" నచ్చడాన్ని ఆయన అలా అనేవాడు.

"మూడువేల ఎనిమిదొందలు."

"రెక్కకు?"

"పంతొమ్మిదొందలు."

"అంతే గదా. ఇంజను మీద ఒకటి, రెక్క మీద దానికి రెండింతలు పుల్లీ. నాలుగు బెల్టులు పక్కపక్కన." రాతి పొడి పట్టిన చేత్తో గోడ మీద రెండు సున్నాలు గీశాడు. "స్పీడు తగ్గిస్తే బలం యాడికీ పోదు సార్. తిప్పే పట్టు రెండింతలవుతుంది. కానీ ఒక మాట. తడి తగిలితే బెల్టు జారిపోతుంది. మంచి మూత పెట్టండి."

ఆ పుల్లీలు తనే లేత్ మీద చేయించి ఇచ్చాడు. మూత సంగతి విన్నాను గానీ, పైన ఒక రేకు వంచి సరిపెట్టాను. పక్కలు తెరిచే ఉంచాను. బెల్టులకు గాలి తగిలితే చల్లగా ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వీరాచారి ఆరడుగుల రెక్క చెక్కడానికి నెల పట్టింది. కొసల అంచులకు రాగి రేకు తొడిగాడు. రెక్క మధ్య రంధ్రంలో ఉక్కు కడ్డీ దూర్చి, కడ్డీ రెండు వైపులా ఉక్కు బద్దల మీద ఆనించి వదిలేవాడు. ఏ పక్క కిందికి దిగితే ఆ పక్క బరువు. అటు గరుకు కాగితంతో రుద్దేవాడు, ఇటు వార్నీషు ఇంకో పూత వేసేవాడు. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా నాలుగు రోజులు అదే పని. నేను పక్కన కూర్చుని చూశాను. తొందర పెట్టాలనిపించలేదు. కొత్త రెక్క బిగించి తిప్పితే ఇంజను మొదట మూడువేల నాలుగొందల దగ్గర ఆగింది, ఈసారి నేను రంపం తీయలేదు. వీరాచారి రెక్క వాలు కాస్త తగ్గేలా చిత్రిక పట్టాడు. మూడువేల ఎనిమిదొందలకు వచ్చింది.

రెక్క చుట్టూ ఈసారి అరంగుళం కడ్డీలతో పంజరం. దాని పక్కల్లో మనుషులెవరూ నిలబడకుండా తాడు కట్టించాను.

సుదర్శనం గారు వచ్చి విన్నారు. మొహం చిన్నబోయింది. "ఏంది రమణా, ఇంత మెల్లగా ఉండాది? పిండిమర మాదిరి?"

"కాటా సూడండి సార్."

ముల్లు నూట పదిహేను దాటి ఊగుతోంది. ఆయన వంగి ముల్లును దగ్గరగా చూశారు. తర్వాత స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, "సరే," అన్నారు. ఆయన నోట నేను విన్న పెద్ద మెప్పు అది. తప్పు ఒప్పుకోవడం రాని మనిషి ఆ పూటకు అంతవరకు వచ్చాడు. నాకు చాలు.

మరవ వైపు

పడవ ఆ చెరువులో పని మొదలుపెట్టింది. మునస్వామి అనే చేపలు పట్టే ఆయన నడపడం నేర్చుకున్నాడు. నెలకోసారి నేను పోయి బెల్టులు బిగించి వచ్చేవాడిని.

అలా పోయిన ఒక పొద్దున ముసురు పట్టి ఉంది. చెరువు నిండి, ఎక్కువ నీళ్లు పోయే మరవ మీదుగా ధారగా దూకుతోంది. గట్టు మీద రెడ్డెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అప్పా, మా అన్న గంగులప్ప, ఇంకొగాయన పుట్టిలో ఆకు నడాన సిక్కుకున్యారు. ఆకంతా కదిలి మరవ దిక్కు పోతాండాది!"

చూస్తే నిజమే. గాలికీ, నీటి లాగుడుకూ అరెకరం గుర్రపుడెక్క ఒక్క దిబ్బలా మరవ వైపు జరుగుతోంది. మధ్యలో నల్లటి చుక్కలా పుట్టి. మరవ అవతల ఇరవై అడుగుల లోతున రాళ్లు.

మునస్వామి చుక్కాని పట్టుకున్నాడు, నేను ఇంజను దగ్గర కూర్చున్నాను. ఆకు మీద పడవ సరసరా జారిపోయింది. చూస్తుండగానే పుట్టి దగ్గరికి వచ్చాం. అసలు కష్టం అక్కడే. గాలిపడవకు బ్రేకు లేదు, వెనక్కి పోదు. ఇంజను ఆపితే చుక్కాని కూడా పనిచెయ్యదు. వేగంగా పోతే పుట్టిని గుద్దుతాం. ముందే ఆపితే ఆకులో మనమూ చిక్కుతాం. ఇరవై గజాల ముందు నుంచి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, పుట్టి పక్కకు ఆనించాం. ఇద్దరినీ చేతులు పట్టి లాగేశాం. గంగులప్ప పళ్లు టకటకలాడుతున్నాయి.

"తిప్పప్పా, తిప్పు!" అన్నాడు. మరవ హోరు అప్పటికే మాటలను మింగేస్తోంది.

నలుగురి బరువు. అడుగున ఆకు అతుక్కుని ఉంది. ఇంజను పెంచాను. ఇంజను లేచింది, రెక్క లేవలేదు. కాలిన రబ్బరు వాసన ముక్కుకు కొట్టింది. తెరిచి ఉంచిన పక్కల నుంచి వాన కొట్టి బెల్టులు తడిశాయి. జారుతున్నాయి. సెల్వం చెప్పిన మాట అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది.

భయపడిన మనిషి చేసేది ఇంకా పెంచడమే. నా చెయ్యి కూడా అటే పోయింది. ఇంకా పెంచితే బెల్టులు కాలి తెగుతాయి, తర్వాత ఏమీ ఉండదు. చేతిని నేనే ఇంకో చేత్తో పట్టి వెనక్కి లాగినంత పనైంది. పూర్తిగా తగ్గించాను.

"యాల తగ్గిస్తాండావు?" అని అరిచాడు మునస్వామి.

"ఉండప్పా! రోంత సేపు!"

చొక్కా విప్పి బెల్టుల మీద వానకు అడ్డంగా పట్టమని గంగులప్పకు ఇచ్చాను. పంజరానికి ఇవతలే ఉండమని రెండుసార్లు చెప్పాను. నిదానంగా తిరుగుతూ బెల్టులు తమ వేడికే ఆరాయి. లోపల పది లెక్కపెట్టుకున్నాను. ఆ పది అంకెలంత పొడవైన కాలం నాకు మళ్లీ రాలేదు. తర్వాత వెంట్రుకవాసి చొప్పున పెంచుతూ పోయాను. వెయ్యి. పదిహేనొందలు. బెల్టు పట్టింది. మిగతా ఇద్దరినీ పక్కలకు ఊగమన్నాను. అడుగున అంటుకున్న ఆకు తెగిన చప్పుడు వినబడింది. పడవ ఒక్కసారి ముందుకు జారింది.

పడవ ఒడ్డుకు తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ పుట్టి ఆకుతో పాటు మరవ అంచున ఒక్క క్షణం ఆగి, బోర్లాపడి కనబడకుండా పోయింది.

రెడ్డెమ్మ నీళ్లలోకే దిగి వచ్చి అన్నను పట్టుకుంది. పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. "ముసుర్లో పోవద్దని సెప్తినా లేదా? సెవులు యాడ పెట్టుకున్నావు?" అని రెండు చేతులతో వీపు మీద చరిచింది. ఆయన నవ్వుతూ, ఏడుస్తూ దెబ్బలు తిన్నాడు. ఆమె ఏడవడం నేను చూసింది ఆ రోజే.

ఆ వారమే బెల్టుల చుట్టూ నాలుగు పక్కలా మూత బిగించాను. కుప్పం పోయి సెల్వానికి కూడా చెప్పాను, మీ మాట సగమే విన్నానని. ఆయన కోప్పడలేదు. "మిగతా సగం వాన చెప్పింది," అన్నాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు

మీరు చేసే లెక్కలు నా లెక్కల కంటే చాలా మంచివి. కంప్యూటరు క్షణంలో చెబుతుంది. అయినా వరస మాత్రం తప్పకండి. ముందు పని ఏమిటో చూడండి. నీళ్లా, ఆకా, ఎంత బరువా. దానికి ఎంత రెక్క పడుతుందో చూడండి. ఆ రెక్క కొస ఎంత వేగం ఓర్చుకుంటుందో చూసి దాని చుట్లు తేల్చండి. ఇంజనుకు ఏ వేగంలో బలం వస్తుందో తర్వాత. ఆ రెంటికీ మధ్య పుల్లీ అన్నిటికంటే ఆఖరున. నేను దొరికిన ఇంజనుతో మొదలుపెట్టి వెనక్కి వచ్చాను. అందుకే రంపం పట్టాల్సి వచ్చింది.

మీ పైవాళ్లను గౌరవించండి. సుదర్శనం గారు లేకపోతే నేను లేను. కానీ కొలత చూపించిన అంకె మీ ఇద్దరికీ నచ్చనప్పుడు, కొలతను కాకుండా మిమ్మల్ని మీరు అనుమానించండి. చెక్క పని చేసేవాడిని, రాతి ఫ్యాక్టరీలో బెల్టులు మార్చేవాడిని అడగడానికి నామోషీ పడకండి. నా వృత్తిలో నాకు దొరికిన మంచి ప్రశ్నలు రెండూ వాళ్లు అడిగినవే.

ఆ పడవ ఏళ్ల తరబడి పనిచేసింది. తర్వాత వానలు తప్పి చెరువు ఎండిపోయినప్పుడు దాన్ని ఒడ్డుకు లాగి ఇంజను దించేశాం. అప్పటిదాకా దాని వల్ల ఎవరికీ గాటు కూడా పడలేదు.

మరవ దగ్గరి నుంచి ఇద్దరిని తెచ్చిన ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. మధ్యాహ్నానికి ముసురు తగ్గింది. రెడ్డెమ్మ వాళ్లింట్లో రాగి సంగటి, చేపల పులుసు తిని, గంగులప్ప చొక్కా ఒకటి తొడుక్కుని, పుంగనూరులో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. తుమ్మ మాను చూసిన రోజు నుంచి బస్సులో నాకు కునుకు పట్టేది కాదు. ఆ రోజు టిక్కెట్టు తీసుకున్నది గుర్తుంది. తర్వాత భుజం మీద ఎవరో తట్టారు.

"యాడ దిగల్లప్పా నువ్వు?" కండక్టరు.

"మదనపల్లె."

"మదనపల్లె ఎప్పుడో పాయ. బి.కొత్తకోట వచ్చిందిది. ఎంత లేపినా లేస్తివా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిగి, స్టాండు పక్కన టీ తాగాను. ఇంకొకటి తాగాను. ఎండ పల్చగా కాస్తోంది, టమాటా గంపలు దించుతున్నారు. నాకు తొందరేమీ తోచలేదు. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. గంగులప్ప వదులు చొక్కాలో, పైకడ్డీ పట్టుకుని, మదనపల్లె దాకా నిలబడే వచ్చాను. నిలబడినా హాయిగానే ఉంది.